మనసు బాగోలేదు... ఎవరి దగ్గరికెళ్లాలి?

సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, కౌన్సెలర్, థెరపిస్టు... ఊళ్లో బోర్డులకు కొదవ లేదు. వీళ్లలో ఎవరు ఏం చదివారు, ఎవరి పని ఎక్కడిదాకా అన్నది మాత్రం చాలామందికి తెలియదు. ఆ తెలియకపోవడానికి కుటుంబాలు ఏళ్ల తరబడి మూల్యం చెల్లిస్తున్నాయి.

మానసిక వైద్యుల దగ్గరికి మొదటిసారి వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో ఒక లావుపాటి ఫైలు ఉంటుంది. తెరిస్తే వరసగా ఈసీజీ, టూడీ ఎకో, ట్రెడ్‌మిల్ టెస్టు, ఎండోస్కోపీ, ఆఖర్న మెదడు ఎమ్మారై. అన్నిటి కిందా ఒకటే మాట: నార్మల్. ఆ ఫైలు వెనక ఒక అర్ధరాత్రి ఉంటుంది. ఉన్నట్టుండి గుండె దడదడలాడింది, చేతులు చల్లబడ్డాయి, ఊపిరందలేదు, 'ఇక నా పని అయిపోయింది' అనిపించింది. ఇంట్లోవాళ్లు ఆటోలో వేసుకుని ఎమర్జెన్సీకి పరిగెత్తారు. అక్కడికి చేరేసరికే దడ తగ్గిపోయింది. గ్యాస్ అన్నారొకరు, నరాల బలహీనత అన్నారు ఇంకొకరు. పెద్దమ్మ తాయెత్తు కట్టించింది. వారం తిరక్కుండా మళ్లీ అదే దడ.

దాని పేరు ప్యానిక్ అటాక్. ఒక్కసారిగా మొదలై, నిమిషాల్లో తారస్థాయికి చేరి, దానంతటదే దిగిపోయే భయం. గుండెకి సంబంధించినది కాదని ఒకసారి డాక్టరు పరీక్షించి తేల్చడం అవసరమే. ఆ తర్వాత కూడా ఆసుపత్రి తరవాత ఆసుపత్రి తిరగడం మాత్రం సరైన మనిషి ఎవరో తెలియక చేసే తిరుగుడు. సరైన చోటికి చేరితే బాగా నయమయ్యే జబ్బుల్లో ఇదొకటి.

బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, పెద్దవాళ్లలో 10.6 శాతం మంది ఆ సమయానికి ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. జబ్బుని బట్టి వాళ్లలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ కూడా లేదు. మన లెక్క మనకి తెలియదన్న మాట. చికిత్స అందకపోవడానికి పరువు భయం ఒక కారణం, డాక్టర్లు చాలినంతమంది లేకపోవడం మరొకటి. వీటి మధ్య ఎవరూ పెద్దగా మాట్లాడని మూడో కారణం ఉంది. వెళ్దామని నిర్ణయించుకున్నవాళ్లకి కూడా ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియదు.

మందు రాసే డాక్టరు

సైకియాట్రిస్టు ముందుగా డాక్టరు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల ఎంబీబీఎస్, దాని మీద మూడేళ్ల ఎం.డి. సైకియాట్రీ లేదా డీఎన్‌బీ; కొందరిది రెండేళ్ల డిప్లొమా, డీపీఎం. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో పేరు నమోదై ఉంటుంది. మనసుకి వైద్యం చేసే బృందంలో మందులు రాసే అధికారం, జబ్బు ముదిరితే ఆసుపత్రిలో చేర్చుకునే బాధ్యత ఈయనవే.

బయటివాళ్లకి సైకియాట్రిస్టు అంటే నిద్రమాత్రలు రాసిచ్చే మనిషి. ఆ గదిలో మొదటి రోజు జరిగేది దగ్గరగా చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. "మా వాడికి పిచ్చేం లేదు డాక్టరుగారూ, కాస్త ఆలోచనలెక్కువ" అని తల్లి మొదలుపెడుతుంది. ఆయన వింటూనే అబ్బాయి నడిచొచ్చిన తీరు, కళ్లలోకి చూస్తున్నాడా లేదా, మాట వేగం, గొంతు గమనిస్తుంటాడు. "నిద్ర సంగతేంటి నాన్నా? పడుకోగానే పట్టదా, లేక తెల్లవారుజామున మూడింటికే మెలకువొచ్చేస్తోందా?" అని అడుగుతాడు. ఊరికే అడిగింది కాదు. వేళ కాని వేళ మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం తీవ్రమైన డిప్రెషన్‌లో తరచూ కనిపిస్తుంది. "ఎప్పుడైనా వారం పాటు నిద్ర సరిగా లేకపోయినా అలసట లేకుండా, పట్టరాని హుషారుగా, డబ్బు నీళ్లలా ఖర్చుపెడుతూ తిరిగావా?" అన్నది ఇంకా ముఖ్యమైన ప్రశ్న. అవునంటే అది మామూలు డిప్రెషన్ కాకపోవచ్చు, బైపోలార్ జబ్బులో దిగులు దశ కావచ్చు. అలాంటి మనిషికి డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే దిగులు పోయి ఉన్మాదం ఎక్కే ప్రమాదముంది. ఒక్క ప్రశ్న అడగకపోతే జరిగే నష్టం అది. థైరాయిడ్, షుగరు, బీ12 పరీక్షలు రాయడమూ అందుకే. థైరాయిడ్ తగ్గిన మనిషి అచ్చం డిప్రెషన్‌లో ఉన్నట్టే ఉంటాడు.

మందుల దగ్గర మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే డిప్రెషన్ మందులు పని మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. కడుపులో వికారం, తలనొప్పి లాంటివి మాత్రం మొదటి వారంలోనే కనిపిస్తాయి. పదో రోజున 'ఈ మందు పడలేదు' అని ఆపేస్తారు. నిలదొక్కుకున్నవాళ్లు రెండో నెలలో 'తగ్గిపోయింది కదా' అని ఆపేస్తారు. రెండూ తప్పే. మందు ఎప్పుడు, ఎలా తగ్గించాలో రాసిన డాక్టరే చెప్పాలి. మరోపక్క అల్ప్రజోలం లాంటి మాత్రలున్నాయి. మింగిన అరగంట, గంటలో ప్రశాంతత. అలవాటు పడితే వదలడం కష్టం. అందుకే దాన్ని షెడ్యూల్ హెచ్1లో పెట్టి, చీటీ లేకుండా అమ్మకూడదన్నారు. పాత చీటీ చూపించి ఏళ్ల తరబడి కొనుక్కునేవాళ్లు మన చుట్టూ ఉన్నారు. వాళ్లని బెదిరించినా, ఉన్నపళంగా ఆపించినా ప్రమాదమే. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

'నరాల డాక్టరు'తో వచ్చే గందరగోళం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. న్యూరాలజిస్టు చూసేది ఫిట్సు, పక్షవాతం, పార్కిన్సన్, మైగ్రేన్ లాంటివి. దిగులుకి, భయానికి, అనుమానాలకి ఆయన దగ్గర వరసలో కూర్చోనక్కర్లేదు. వయసు మీదపడ్డాక వచ్చే మతిమరుపు లాంటి కొన్నిట్లో మాత్రం ఇద్దరి అవసరమూ పడుతుంది.

మాటతో చేసే చికిత్స

క్లినికల్ సైకాలజిస్టు డాక్టరు కాదు, మందు రాయకూడదు. పేరు ముందు 'డాక్టర్' అని ఉంటే అది పీహెచ్‌డీ వల్ల వచ్చింది. సైకాలజీలో ఎం.ఏ. లేదా ఎం.ఎస్సీ. చేశాక, ఆసుపత్రిలో అనుభవజ్ఞుల పర్యవేక్షణలో రోగులను చూస్తూ రెండేళ్లు పూర్తికాలం ఎం.ఫిల్ చేయాలి. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐలో నమోదు కావాలి. యూజీసీ 2022లో ఎం.ఫిల్ చదువును ఎత్తేసినా, ఈ కోర్సుకీ సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కీ 2025-26 విద్యాసంవత్సరం దాకా వెసులుబాటు ఇచ్చింది. కాబట్టి ముందు ముందు డిగ్రీ పేరు మారవచ్చు. ఆర్‌సీఐ నమోదు ఉందా లేదా అన్నదే చూడాలి.

వీళ్ల పనిలో ఒక భాగం పరీక్షలు. పిల్లవాడు చదువులో వెనకబడ్డాడంటే తెలివి తక్కువా, అక్షరాలు గుర్తుపట్టడంలో ఇబ్బందా, నిలకడ లేదా, లేక ఇంట్లో గొడవల వల్లా అన్నది ఊహతో చెప్పలేం. ప్రామాణిక పరీక్షలతో తేలుస్తారు. మేధో వైకల్య ధ్రువపత్రానికి కావలసిన ఐక్యూ అంచనా ఈ పరీక్షలతోనే కడతారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న కేంద్ర సంస్థ ఎన్‌ఐఈపీఐడీ మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసమే పనిచేస్తోంది. పక్క రాష్ట్రాలనుంచి కూడా తల్లిదండ్రులు అక్కడికి వస్తారు.

రెండో భాగం సైకోథెరపీ. 'మాట్లాడితే జబ్బు తగ్గుతుందా, మాట్లాడటానికి మేం లేమా?' అని అడిగే పెద్దవాళ్లున్నారు. ఒకే ఆలోచన, ఒకే పని పట్టుకుని వదలని ఓసీడీ జబ్బుకి చేసే చికిత్స ఒకటి చూస్తే ఆ సందేహం తీరుతుంది. చేతులు కడుక్కోకుండా ఉండలేని అమ్మాయి అనుకుందాం. సబ్బు రెండు రోజులకి అరిగిపోతుంది. వేళ్ల కణుపులు పగిలి మంట పుడుతుంటాయి. సైకాలజిస్టు ముందు ఆమె చేత ఒక పట్టిక రాయిస్తారు. ఏది ముట్టుకుంటే ఎంత భయం, వందకి ఎంత? ఇంటి తలుపు గడియ ముప్పై, బస్సులో పట్టుకునే కడ్డీ అరవై, బయట బాత్రూం కుళాయి తొంభై ఐదు. మొదట ముప్పై దగ్గరే. గడియ ముట్టుకుంటుంది, చెయ్యి కడుక్కోదు. భయం పెరుగుతుంది, నలభై, యాభై. సైకాలజిస్టు పక్కనే కూర్చుని ప్రతి ఐదు నిమిషాలకీ 'ఇప్పుడెంత?' అని అడుగుతూ ఆ అంకె రాసుకుంటారు. కాసేపటికి చెయ్యి కడగకపోయినా ఆ అంకె దిగడం మొదలవుతుంది. భయం తనంతట తాను దిగుతుందని ఆమె ఒంటికి తెలియడమే ఆ రోజు చికిత్స. రేపు ఇంట్లో మళ్లీ, ఎల్లుండి మళ్లీ. ఆ తర్వాత బస్సు కడ్డీ.

ఇంట్లోవాళ్లకీ పని ఉంటుంది. 'అమ్మా, నిజంగా శుభ్రంగానే ఉందా?' అని రోజుకి యాభైసార్లు అడిగితే ప్రేమకొద్దీ యాభైసార్లు 'ఉంది తల్లీ' అని చెప్పిన అమ్మ, ఇకనుంచి చెప్పకూడదు. ఆ ఓదార్పు జబ్బుకి మేత అవుతోందని ఆమెకి ఓపిగ్గా నచ్చజెప్పాలి. ఇంత కొలతతో, ఇంత వరసతో చేసే పనిని పక్కింటి పిన్నిగారి సలహాతో పోల్చలేం. మన ఇళ్లలో మడి, ఆచారం పేరు చాటున ఓసీడీ దాక్కుంటుందన్నది కూడా గుర్తుపెట్టుకోవలసిన విషయం. 'మా అత్తగారిది మహా మడి' అని మురిసే ఇంట్లో, ఆవిడ తెల్లవార్లూ గిన్నెలు తోమి తోమి అలసి ఏడుస్తున్నదేమో ఎవరూ చూడరు.

ఈ చికిత్సలు సాధారణంగా వారానికొకసారి, ఒక్కోటీ ముప్పావుగంట చొప్పున కొన్ని నెలలు సాగుతాయి. ఆలోచనల తీరు మార్చే కాగ్నిటివ్ థెరపీని 1960లలో రూపొందించిన అమెరికా వైద్యుడు ఏరన్ బెక్ స్వయంగా సైకియాట్రిస్టు. మందు వేరు, మాట వేరు అని గోడ కట్టుకున్నది మనమే. ఒక మోస్తరు డిప్రెషన్, ఆందోళన, ఓసీడీలలో ఏదో ఒకటైనా, రెండూ కలిపైనా పనిచేస్తాయి. స్కిజోఫ్రినియా, బైపోలార్ జబ్బుల్లో మాత్రం మందు పక్కనపెట్టి మాటలతోనే నెట్టుకొద్దామనుకుంటే ప్రమాదం.

ఇంటిదాకా వచ్చేవాళ్లు

ఈ బృందంలో బయటివాళ్లకి బొత్తిగా తెలియని వ్యక్తి సైకియాట్రిక్ సోషల్ వర్కర్. సోషల్ వర్క్‌లో పీజీ, ఆపైన రెండేళ్ల ఎం.ఫిల్. నాకు ఈ వృత్తి మీద ప్రత్యేకమైన గౌరవం ఉంది. ఎందుకంటే జబ్బు ఆసుపత్రిలో తగ్గినా, మనిషి బతకాల్సింది ఇంట్లో, వీధిలో.

స్కిజోఫ్రినియా ఉన్న పాతికేళ్ల కుర్రాణ్ని తీసుకోండి. మందులతో చెవిలో గొంతులు ఆగాయి. ఇంటికొచ్చాడు. తండ్రి పొద్దున్నే 'సోమరిపోతులా పడుకుంటావేంరా' అని మొదలుపెడతాడు. నిత్యం తప్పుపట్టడం, కసురుకోవడం ఎక్కువగా ఉన్న ఇళ్లలో ఈ జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువని దశాబ్దాల పరిశోధనలు చెబుతున్నాయి. ఆ చురుకు లేకపోవడం కూడా జబ్బులో భాగమేనని తండ్రికి అర్థమయ్యేలా చెప్పేది సోషల్ వర్కరే. వైకల్య ధ్రువపత్రానికి ఎక్కడికెళ్లాలో, పింఛనుకి ఏం కాగితాలు కావాలో చూపించేదీ, పాత యజమానితో మాట్లాడి సగం పూట పనైనా ఇప్పించేదీ ఆ మనిషే. 'పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయండీ' అనే బంధువుల ముందు నిలబడి, జబ్బు దాచి పెళ్లి చేస్తే రెండు జీవితాలు చెడతాయని చెప్పగల ధైర్యం కూడా ఆ ఉద్యోగంలో భాగమే.

సైకియాట్రిక్ నర్సులు ఆ పక్కనే. మాత్రలు వేసుకోననే రోగికి కొన్ని వారాలకొకసారి ఇచ్చే ఇంజెక్షన్ తేదీ గుర్తుపెట్టుకుని, రాకపోతే ఫోను చేసి పిలిచే నర్సమ్మ ఉన్న చోట జబ్బు తిరగబెట్టడం తగ్గుతుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 వీళ్లందరినీ మానసిక ఆరోగ్య నిపుణులుగానే గుర్తించింది. ఆయుర్వేద, హోమియో, యునానీ, సిద్ధ వైద్యాల్లో మానసిక రోగాలపై పీజీ చేసినవాళ్లకీ అందులో చోటిచ్చింది.

అదే చట్టంలో సెక్షన్ 106 ఉంది. ఏ మానసిక ఆరోగ్య నిపుణుడైనా తన వృత్తి అనుమతించని మందు గానీ చికిత్స గానీ సూచించకూడదన్నది దాని సారం. ఎన్నో పేజీల చట్టంలో మామూలు పాఠకుడు ఒక్క వాక్యమే గుర్తుపెట్టుకోవాలంటే నేను దీన్నే చెబుతాను. సైకాలజిస్టు 'ఈ మాత్ర సగం చేయండి' అన్నా, హోమియో పీజీ చేసినాయన అల్లోపతి నిద్రమాత్ర రాసినా అది హద్దు దాటడమే.

కౌన్సెలర్ అన్న బోర్డు

కౌన్సెలర్ల దగ్గర పరిస్థితి చిక్కుగా ఉంది. సైకాలజీలో పీజీ చేసి, కౌన్సెలింగ్‌లో శిక్షణ పొంది, ఏళ్లుగా నిజాయతీగా పనిచేస్తున్నవాళ్లున్నారు. పరీక్షల ఒత్తిడి, భార్యాభర్తల మధ్య దూరం, ఆప్తుల్ని పోగొట్టుకున్న దుఃఖం, ఉద్యోగం పోయిన అయోమయం... జబ్బు దాకా వెళ్లని ఇలాంటి బాధలకి వీళ్లే సరైనవాళ్లు. ప్రతిదానికీ సైకియాట్రిస్టు దగ్గరికి పరిగెత్తనక్కర్లేదు. ఏడుస్తున్న ప్రతి మనిషికీ మాత్ర అవసరం లేదు.

మరి చిక్కెక్కడ? వారాంతపు కోర్సు చేసినవాళ్లూ, ఆన్‌లైన్‌లో సర్టిఫికెట్ కొనుక్కున్నవాళ్లూ అదే బోర్డు పెడుతున్నారు. హిప్నోథెరపిస్టు, లైఫ్ కోచ్, మైండ్ ట్రైనర్ అనే పేర్లకి ఏ కౌన్సిల్ లేదు. హిప్నాసిస్ ఒక పద్ధతి మాత్రమే. శిక్షణ ఉన్న డాక్టరో సైకాలజిస్టో వాడితే ఒక రకం, వేదికల మీద చప్పట్ల కోసం వాడే మనిషి మన పిల్లల మీద వాడితే ఇంకో రకం. టీవీలో కూర్చుని, చూడని మనిషి జబ్బు ఇదీ అని తేల్చేసేవాళ్లని నిపుణులనడం నాకు ఒప్పుదల కాదు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం, క్లినికల్ సైకాలజిస్టులు కాని సైకాలజిస్టులనూ కౌన్సెలర్లనూ సోషల్ వర్కర్లనూ ఒక రిజిస్టరు కిందికి తేవాలంది. అది ప్రతి జిల్లాలో, ప్రతి బోర్డు మీద కనిపించేదాకా విచారించుకునే బాధ్యత మనమీదే ఉంది.

విచారించడం పెద్ద పనేం కాదు. 'మీరేం చదివారండీ, ఎక్కడ నమోదయ్యారు?' అని మర్యాదగా అడగండి. చదువుకున్నవాళ్లెవరూ నొచ్చుకోరు. సైకియాట్రిస్టయితే మెడికల్ కౌన్సిల్ నంబరు, క్లినికల్ సైకాలజిస్టయితే ఆర్‌సీఐ నంబరు చెబుతారు. మందులన్నీ ఆపేయమని మొదటి రోజే చెప్పినా, ఇన్ని సిట్టింగుల్లో నూటికి నూరుపాళ్లు నయం చేస్తామని ముందే ప్యాకేజీ డబ్బు కట్టించుకున్నా, ఇంకొకరి రహస్యాలు మీతో ముచ్చటించినా లేచి వచ్చేయండి. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలన్నది 2017 చట్టం ఇచ్చిన హక్కు.

మంచి నిపుణుణ్ని గుర్తుపట్టడానికి నా దృష్టిలో అన్నిటికంటే నమ్మకమైన గుర్తు ఇంకొకటుంది. అవసరమైనప్పుడు మిమ్మల్ని వేరొకరి దగ్గరికి పంపుతారా లేదా? చావు ఆలోచనలు వస్తున్నాయని చెప్పిన రోజే సైకియాట్రిస్టుకి ఫోను చేసే కౌన్సెలర్, మందు అక్కర్లేదు ఈవిడ దగ్గర థెరపీ తీసుకోండి అని చీటీ రాసే సైకియాట్రిస్టు, 'ఇది నా పరిధిలోది కాదు' అనగలిగే సైకాలజిస్టు... వీళ్ల చేతుల్లో మీ మనిషి భద్రంగా ఉంటాడు.

అమెరికాలో ఉన్న మన పిల్లలకి పేర్లు వేరుగా వినిపిస్తాయి. అక్కడ సైకాలజిస్టు, కౌన్సెలర్, క్లినికల్ సోషల్ వర్కర్, కుటుంబ థెరపిస్టు అందరికీ రాష్ట్రం ఇచ్చే లైసెన్సు ఉంటుంది. మానసిక వైద్యంలో ప్రత్యేక శిక్షణ పొందిన నర్స్ ప్రాక్టీషనర్లు మందులు కూడా రాస్తారు. లైసెన్సు సాధారణంగా ఏ రాష్ట్రానిదో ఆ రాష్ట్రానికే కావడం వల్ల, వేరే రాష్ట్రానికి మారిన విద్యార్థికి పాత థెరపిస్టు కొనసాగలేనని చెప్పవచ్చు. అది నిర్లక్ష్యం కాదు. అత్యవసరమైతే అక్కడి నంబరు 988.

మొదటి అడుగు ఎటు?

జబ్బు పేరు మీరు తేల్చుకుని వెళ్లనక్కర్లేదు. అది వాళ్ల పని. మనం చూసుకోవలసింది కొద్దే. మనిషికి లేని గొంతులు వినిపిస్తున్నా, ఎవరో తనమీద కుట్ర చేస్తున్నారని గట్టిగా నమ్ముతున్నా, రోజుల తరబడి నిద్ర లేకుండా విపరీతమైన ఉత్సాహంలో ఉన్నా, తిండి మానేసి మంచం పట్టినా, మద్యం మానగానే చేతులు వణికి ఏదేదో మాట్లాడుతున్నా ముందు సైకియాట్రిస్టే, అదీ ఆలస్యం లేకుండా. ఈ చివరిదానికైతే ఆసుపత్రి ఎమర్జెన్సీకే వెళ్లాలి. పనులు చేసుకుంటున్నా లోపల భయం, దిగులు, ఒకే ఆలోచన వదలకపోతే సైకియాట్రిస్టయినా క్లినికల్ సైకాలజిస్టయినా ఫర్వాలేదు, ఎవరు దగ్గరుంటే వాళ్లు. అంత దూరం కాదు, ఒక పరిస్థితి మింగుడుపడటం లేదంతే అనుకుంటే శిక్షణ ఉన్న కౌన్సెలర్. ఎవరూ దొరకని ఊళ్లో మీ ఎంబీబీఎస్ డాక్టరుకి చెప్పండి. చిన్న సమస్యలకి ఆయనే మొదలుపెట్టగలరు, పెద్దవైతే పంపగలరు.

ఒక్క విషయంలో మాత్రం ఊరుకోకూడదు. పురుగుల మందు తాగినవాళ్లని మన ఆసుపత్రుల్లో కడుపు శుభ్రం చేసి, సెలైన్ పెట్టి, బతికాడని ఇంటికి పంపేయడం తరచూ జరుగుతోంది. ఒకసారి ప్రయత్నించిన మనిషి మళ్లీ ప్రయత్నించే ముప్పు మిగతావాళ్లకంటే చాలా ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూనే ఉంది. పోలీసు కేసవుతుందని భయపడి 'పొరపాటున తాగాడు' అని రాయించే కుటుంబాలకి తెలియాల్సింది ఇది: 2017 చట్టం సెక్షన్ 115 ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. డిశ్చార్జికి ముందే 'సైకియాట్రిస్టుకి చూపించండి' అని అడిగి మరీ చూపించుకోండి.

డబ్బూ దూరమూ నిజమైన అడ్డంకులే. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖలోనూ ఉన్న ప్రభుత్వ మానసిక వైద్యశాలల పేర్లని మనం తిట్లుగా వాడుకుంటున్నాం గానీ, డబ్బు లేని వేల కుటుంబాలకి దిక్కు అవే. ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో 1996లో నాలుగు జిల్లాలతో మొదలైతే అందులో మన మెదక్ ఒకటి. సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, సోషల్ వర్కర్, నర్సు ఒకే జట్టుగా జిల్లాలో పనిచేయాలన్నది దాని ఆలోచన. ఆలోచన గొప్పది. ఖాళీ పోస్టులు నింపితేనే అది ఊళ్లకి చేరుతుంది. ఆరోగ్య బీమా ఉన్నవాళ్లు ఒక మాట గమనించండి: శారీరక జబ్బులకి ఇచ్చినట్టే మానసిక జబ్బుల చికిత్సకీ బీమా ఇవ్వాలని 2017 చట్టం సెక్షన్ 21 చెబుతోంది.

ఇల్లు కదలకుండా మొదటి అడుగు వేయడానికి టెలీ మానస్ ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ ఉచిత సేవకి 14416 నంబరులో రాత్రీ పగలూ ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ వింటారు. అవసరమైతే పైనున్న నిపుణులకి కలుపుతారు. ఎవరి దగ్గరికెళ్లాలో తేల్చుకోలేని మనిషికి ఆ ప్రశ్నే అడిగే చోటు ఇది.

పిల్లలకైతే అలాంటి చోటు చదువుకునే కాలేజీలోనే ఉండాలి. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ 2023లో మరణించిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని నియమించాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. మన కార్పొరేట్ కాలేజీల్లో ఒక్కో హాస్టల్లోనే వందలమంది పిల్లలున్నారు. ఫిజిక్స్ లెక్చరర్‌కో వార్డెన్‌కో కౌన్సెలర్ అని పేరుపెట్టి చేతులు దులుపుకునే వీలు ఈ ఆదేశంలో లేదు. ఈసారి ఫీజు కట్టడానికి కాలేజీకి వెళ్లినప్పుడు ర్యాంకుల బ్రోచరు పక్కనపెట్టి అడగండి: మీ కౌన్సెలర్ ఎవరు, ఏం చదివారు, మా అమ్మాయి ఎవరి అనుమతీ లేకుండా వారంలో ఏ రోజు వెళ్లి మాట్లాడవచ్చు? జవాబు కాగితం మీద రాసిచ్చేదాకా కదలకండి.